కస్ముది ఇంటి పంచనామా

"ప్రెస్సుకి ఫోన్ చేసి ప్రింటింగ్ ఆపమన్నది నువ్వేనా?"

ఇంటాయన హర్జితో వసారాలోంచే అరిచాడు. డెబ్భై ఒక్క ఏళ్ళ ఆ పెద్దమనిషి గొంతు అంత పైకి లేవడం సుంబెర్‌వాంగీలో ఆ వీధివాళ్ళు ఎప్పుడూ వినలేదు. గోడ అవతల పక్కింటావిడ చీపురు చప్పుడు ఆగిపోయింది.

కూతురు వెనింగ్ బల్ల దగ్గర కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తలెత్తలేదు.

"నేనే నాన్నా."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు."

"పుస్తకం నాది. ముప్ఫై రెండేళ్ళ సర్వీసు నాది. ఆదివారం పొద్దున పది గంటలకి హాల్లో ఫంక్షను. ఊరంతా కార్డులు పంచేశాం. ఇవాళ బుధవారం! నీకేమన్నా మతి పోయిందా?"

"పుస్తకం ఆపమనలేదు. ఏడో అధ్యాయం ఒక్కటే ఆపమన్నాను."

హర్జితో చేతిలో ఫోను మెల్లగా కిందికి దిగింది.

ఎనిమిది నెలలుగా ఆయన చెప్తుంటే టైపు చేస్తున్నది వెనింగే. హైస్కూల్లో చరిత్ర చెప్పే టీచరు. పెళ్ళి వద్దనుకుని అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయింది. సెమరాంగ్ రేవులో జాజికాయ బస్తాల మధ్య కునుకు తీసిన రోజులూ, వర్తక లైసెన్సుల సెక్షన్లో కాఫీ వ్యాపారులు పెట్టిన తిప్పలూ, అన్నీ నవ్వుతూ టైపు చేసింది. ఏడోది పొగాకు సుంకం. లవంగం సిగరెట్లు చుట్టే ఈ ఊళ్ళో పద్నాలుగేళ్ళ ఉద్యోగం. దాని ప్రూఫులు దిద్దడం మొదలయ్యాక, నాలుగు రోజులుగా ఇంట్లో ఆమె నవ్వే లేదు.

"పేర్లన్నీ సరిచూడమన్నది మీరే కదా," అంది వెనింగ్ పెన్ను మూత పెడుతూ. "కస్ముది పేరు ఎలా రాయాలో అనుమానమొచ్చింది. ఇల్లు కనుక్కుని వెళ్ళాను."

"వాడింకా..." హర్జితో కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "వాడింకా బతికే ఉన్నాడా?"

"ఉన్నారు. కాలిపుతి సందులో సోయా గింజలు ఉడకబెట్టి, పులియబెట్టి టెంపే అచ్చులు చేసి అమ్ముకుంటున్నారు. వాడు కాదు నాన్నా, ఆయన. మీకంటే రెండేళ్ళే చిన్న."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అమ్మ వింటోందని ఇద్దరికీ తెలిసింది.

వెనింగ్ పేపర్ల కింది నుంచి ఒక ప్రూఫు కాగితం లాగింది. గట్టిగానే చదివింది.

"'ఆనాడు మూడు జాంపళ్ళ మార్కు సిగరెట్లు చుట్టించే కస్ముది అనే వ్యక్తి ఇంటి మీద దాడి చేశాం. బియ్యం కుండ వెనక దాచిన నాలుగు కట్టల దొంగ సుంకం స్టాంపులను నేనే స్వయంగా కనిపెట్టాను.' ఇది మీరు చెప్పిందే. కనిపెట్టారా?"

"పంచనామాలో ఉంది కదా."

"నేను పంచనామాని అడగట్లేదు."

వసారా కొసన పొడుగాటి గుంజకి కట్టిన పంజరంలో పావురం ఒకసారి కూసి ఊరుకుంది.

"ఆయన నన్నేమీ అనలేదు నాన్నా. తిట్టినా బాగుండేది. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. 'మీ నాన్న మంచాయనమ్మా. నన్ను తీసుకెళ్ళేటప్పుడు వ్యానులో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పాపం, పైవాళ్ళు రాయమంటే రాయక ఏం చేస్తాడు' అన్నారు. పద్దెనిమిది నెలలు జైల్లో ఉన్న మనిషి మిమ్మల్ని పాపం అన్నారు. ఆ టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో నాకు తెలీలేదు."

"వెనింగ్..."

"ఇంకోటి కూడా చెప్పారు. పెద్ద ఫ్యాక్టరీవాళ్ళు మిషన్ల మీద చేసిన సిగరెట్లకి చేత్తో చుట్టినవాటికిచ్చే తక్కువ సుంకం స్టాంపులు అంటించి మిగతాది ఎగ్గొడుతున్నారని ఆయన మీ ఆఫీసుకి అర్జీ పెట్టారట. ఆ అర్జీ దిద్దిపెట్టింది మీరేనట. ఆయనకి ఆఫీసు భాష రాదని మీ దగ్గరికే వచ్చారట. నిజమేనా?"

హర్జితో లేచి పావురం గిన్నెలో నీళ్ళు మార్చడానికి వెళ్ళాడు. గిన్నె నిండుగానే ఉంది.

నిజమే. ఇరవై రెండేళ్ళ కిందటి ఆ మధ్యాహ్నం ఆయనకి నిన్నటిలా ఉంది. కస్ముది రెండు సిగరెట్లు బల్ల మీద పెట్టి, పెద్దవాళ్ళని అందరూ అన్నట్టే మర్యాదగా పాక్ అంటూ, "చూడండి పాక్ హర్జితో. చేత్తో చుట్టింది ఒక కొస సన్నంగా ఉంటుంది. ఇది రెండు కొసలా ఒకేలా ఉంది. మనిషి చెయ్యి ఇలా చుడుతుందా?" అన్నాడు. చూడక్కర్లేకుండానే తెలుసు హర్జితోకి. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి అసలు స్టాంపేదో దొంగ స్టాంపేదో చెప్పగలిగిన మనిషి. అర్జీలో మాటలు సరిచేసి, "మంచి పని చేస్తున్నావు కస్ముదీ" అని భుజం తట్టి పంపించాడు. ఆ కాగితాన్ని పద్ధతి ప్రకారం పై అధికారి సుదిబ్యో బల్ల మీద పెట్టాడు.

తొమ్మిదో రోజున కస్ముది ఇంటి మీదే దాడి జరిగింది.

---

హర్జితో వంటింట్లోకి వెళ్ళాడు. భార్య కుస్తియా స్టవ్ కట్టేసి, కొబ్బరిపాల గిన్నె ముందు ఊరికే నిలబడి ఉంది.

"విన్నావు కదా."

"చెవులున్నాయి కదండీ."

"దానికి చెప్పు. నువ్వు చెప్తే వింటుంది. ఎప్పటిదో కథ. తవ్వితే ఎవరికి లాభం?"

కుస్తియా తిరిగి చూసింది. నలభై ఐదేళ్ళ కాపురంలో ఆవిడ మొగుడికి ఎదురు చెప్పింది తక్కువ. ఎదురు చెప్పాల్సినప్పుడల్లా ఏదో ఒక గిన్నె తోముతూ ఉండిపోయేది.

"ఆ దాడి రోజు మీరు ఇంటికొచ్చి స్నానాల గదిలో దూరారు. గంట దాటినా రాలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. అన్నం ముందు కూర్చుని, చేతులు వాసన చూసుకుని లేచి వెళ్ళిపోయారు. నేనేమీ అడగలేదు. గుర్తుందా?"

"ఎందుకడగలేదు?" అన్నాడు హర్జితో. ఆయన గొంతులో ఏదో ఆశ వినిపించింది, తప్పు సగం ఆవిడ మీద పడుతుందేమోనన్నట్టు.

"అడిగితే మీరు చెప్పేసేవాళ్ళు. చెప్పాక నేనేం చెయ్యాలి? అందుకే అడగలేదు." ఆవిడ మెడ మీది గుడ్డతో చేతులు తుడుచుకుంది. "రెండో నెల్లో మీకు పై పోస్టు వచ్చింది. నేను పసుపన్నం వండి వీధంతా పంచాను. అప్పట్లో వాళ్ళుండే వెనక సందులో కూడా పంచాను. కస్ముది పెళ్ళాం సతినెమ్ గుమ్మంలోకి కూడా వెళ్ళాను."

"అక్కడికెందుకెళ్ళావు?"

"వెళ్ళకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని. ఆవిడ మొగుడు జైల్లో ఉన్నాడు. నా గిన్నె అందుకుని, అన్నం తీసుకుని, కడిగి తిరిగిచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని పెరట్లోంచి నాలుగు మిరపకాయలు కోసి వేసి ఇచ్చింది. సతినెమ్ పోయి ఆరేళ్ళైంది. నేను చావు పలకరింపుకి కూడా వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

హర్జితో తలుపు చట్రానికి ఆనుకున్నాడు.

"అంచేత మీ కూతురికి నేనేమీ చెప్పను. అవమానం మీ ఒక్కరిదే అన్నట్టు మాట్లాడకండి. ఈ ఇంట్లో ఇద్దరం తిన్నాం."

ఆవిడ మళ్ళీ స్టవ్ వెలిగించింది.

---

పదకొండు గంటలకి వీధిలో కారు ఆగింది. సుదిబ్యో దిగాడు. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చినా నడుం వంగలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు హర్జితోకి పై అధికారి, ఇప్పుడు రిటైరైనవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. పుస్తకం వేయిస్తున్నది ఆ సంఘమే, ముందుమాట రాసింది ఆయనే.

"ఏంటయ్యా హర్జితో, ఎవరో పోయినట్టు ఆ మొహాలేంటి?" అంటూ చెప్పులు విప్పి కుర్చీలో చేరబడ్డాడు. "ప్రెస్సువాడు నాకు ఫోన్ చేశాడు. ఏడో అధ్యాయం తీసేస్తున్నారట కదా. ఆ అధ్యాయం లేకపోతే మిగిలేదేంటి, నువ్వు రేవులో తిన్న ఎండుచేపల కథలేనా?"

హర్జితో నవ్వబోయాడు. రాలేదు.

"ఆపింది నేను పాక్ సుదిబ్యో," అంది వెనింగ్.

"ఓహో! మన చరిత్ర టీచరమ్మ!" సుదిబ్యో చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చూడమ్మా, రాజుల చరిత్ర నువ్వు చెప్పు. మా సుంకాల చరిత్ర మాకొదిలెయ్యి. ఇంతకీ కస్ముది మీద నీకంత ప్రేమ ఎక్కణ్ణించి పుట్టుకొచ్చింది?"

"మిమ్మల్నొకటి అడగొచ్చా? ఆ నాలుగు కట్టలూ ఎక్కణ్ణించి వచ్చాయి?"

కుస్తియా టీ గ్లాసులు తెచ్చి, మూతలు పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

సుదిబ్యో నవ్వు తగ్గించాడు. టీ మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"అమ్మాయ్, ఆ పెద్ద ఫ్యాక్టరీలో అప్పుడు నాలుగు వేల మంది ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. కస్ముది దగ్గర ఆరుగురు. ఒక అర్జీ పట్టుకుని నేను ఆ ఫ్యాక్టరీ గేటు మూయించాలా? పైనుంచి ఎవరెవరు ఫోన్లు చేశారో నీకు తెలుసా? ఊరు బతకాలంటే ఒక్కోసారి..."

"ఒక్కోసారి?"

"మీ నాన్ననడుగు." ఆయన హర్జితో వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. చనువుంది. "అన్నీ చెప్పావా హర్జితో అమ్మాయికి? అన్నీ?"

హర్జితో గ్లాసు వైపే చూస్తున్నాడు.

"చెప్పలేదన్నమాట. మంచిది." సుదిబ్యో లేచాడు. "సాయంత్రంలోగా ప్రెస్సుకి ఫోన్ చేసి కానివ్వమను. ఆదివారం మంచి బాటిక్ చొక్కా వేసుకురా. నీకు శాలువా కప్పేది నేనే."

కారు మలుపు తిరిగేదాకా తండ్రీ కూతుళ్ళు కదల్లేదు.

"కట్టలు సుదిబ్యో సంచీలో వచ్చాయి," అన్నాడు హర్జితో హఠాత్తుగా. గోడకేసి చెప్తున్నట్టు చెప్పాడు. "ఖాకీ రంగు సంచీ. ఆఫీసులోనే చూశాను. కస్ముది ఇంట్లో ఏమీ దొరకలేదు. నా చేతిరాత బాగుంటుందని పంచనామాలన్నీ నాతోనే రాయించేవాళ్ళు. ఆ రోజూ నేనే రాశాను."

వెనింగ్ కళ్ళు మూసుకుంది. తెలిసిందే. అయినా ఆ నోటితో వినడం వేరు.

"ఇది నాకు కాదు నాన్నా చెప్పాల్సింది."

హర్జితో చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"నీ స్కూటర్ మీద తీసుకెళ్తావా?"

---

కాలిపుతి సందు ఇరుకు. కస్ముది ఇంటి ముందు టెంపే చుట్టే టేకాకులు కట్టలు కట్టి పెట్టున్నాయి. ఉడికిన సోయా వాసన సందంతా పట్టేసింది. గుమ్మంలో మనిషిని చూసి కస్ముది ఒక్క క్షణం ఆగాడు. తర్వాత లుంగీ సరిచేసుకుని, నల్ల టోపీ పెట్టుకుని, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీనీ తుడిచి వేశాడు.

"కూర్చోండి పాక్ హర్జితో. ఎన్నాళ్ళకి!"

"చాప మీద కూర్చుంటాలే."

"అదేం మాట? మీరు కుర్చీలో కూర్చోవాలి. అమ్మా, నువ్వూ కూర్చో."

హర్జితో కుర్చీలో కూర్చున్నాడు. కస్ముది చాప మీద. ఆ ఎత్తు హర్జితోకి భరించరానిదైంది.

"చెప్పండి పాక్."

"నువ్వు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు హర్జితో. ఈ మనిషిని తాను ఎప్పుడూ మీరు అనలేదని అప్పుడే తట్టింది. "మీరు... ఆ కట్టలు మీ ఇంట్లోవి కావు. సుదిబ్యో సంచీలోవి. అది చెబుదామని వచ్చాను."

కస్ముది చిన్నగా నవ్వాడు.

"నా ఇంట్లో ఏముందో ఏం లేదో నాకు తెలీదా పాక్? నాకెందుకు చెప్తున్నారు?"

ఇరవై రెండేళ్ళు మోసిన మాట తీరా చెప్తే, అవతలి మనిషికి అవసరమే లేదు.

"తెలియాల్సింది మా తర్మాజికి," అన్నాడు కస్ముది. "మా అబ్బాయి. అప్పుడు వాడికి పదిహేనేళ్ళు. స్కూల్లో దొంగ స్టాంపులోడి కొడుకా అని పిలిచేవాళ్ళట. జైలుకి చూడ్డానికొచ్చి అడిగాడు, నాన్నా నువ్వు చేశావా అని. లేదురా అన్నాను. 'సర్కారు కాగితంలో ఉంది కదా. అంత అందమైన చేతిరాతతో అబద్ధం రాస్తారా' అన్నాడు. నేను బయటికొచ్చేసరికి ఇల్లొదిలి వెళ్ళిపోయాడు. సురబాయలో ఫెర్రీ పడవ మీద పనిచేస్తున్నాడని తెలుసు. వాళ్ళమ్మ చచ్చిపోతే వచ్చి మట్టి వేసి, నా మొహం చూడకుండా సాయంత్రం బస్సెక్కాడు."

బయట ఎవరిదో స్కూటర్ హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది.

"నాకు క్షమాపణలొద్దు. పుస్తకంలో పేరు తీసేసినా ఉంచినా ఒకటే, నేను చదవను. ఒక్క పని చేసిపెట్టండి. ఇంకో పంచనామా రాయండి. అప్పటిలాగే, అదే చేతిరాతతో. తేదీ వేసి, సాక్షుల సంతకాలతో. వాడు నమ్మేది కాగితాన్నే."

వెనింగ్ తన బడి సంచీలోంచి తెల్లకాగితాలు తీసింది. టెంపే ఆరబెట్టే చెక్క పళ్ళెం ఒకటి కస్ముది కడిగి తుడిచి హర్జితో ఒళ్ళో పెట్టాడు. హర్జితో రాయడం మొదలుపెట్టాడు. మొదట రెండు మాటలు కొట్టేశాడు. నాలుగు వాక్యాలు దాటేసరికి పాత అలవాటు వచ్చి, అక్షరాలు ముత్యాల్లా కుదురుకున్నాయి. ఆ అందం చూసి ఆయన ఒకసారి పెన్ను ఎత్తేశాడు.

సాక్షి కోసం కస్ముది ఎదురింటి మార్సియెమ్‌ని పిలిచాడు. ఒకప్పుడు ఆయన దగ్గర సిగరెట్లు చుట్టిన ఆరుగురిలో ఆవిడొకతి. అరవై దాటింది. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, హర్జితోని ఎగాదిగా చూసి, పలకరించకుండా కూర్చుంది.

"నాకు సంతకం చెయ్యడం వచ్చు గానీ చదవడం అంతంతమాత్రం. పైకి చదవండి. తెలీకుండా నేను వేలు కూడా పెట్టను."

హర్జితో చదివాడు. అర్జీ సంగతి రాశాడు. దాన్ని దిద్దింది తానేనని రాశాడు. సుదిబ్యో పేరు రాశాడు. చివరికొచ్చాడు.

"'...పై అధికారి సంచీలో తేబడిన నాలుగు కట్టల దొంగ స్టాంపులు కస్ముది గారి ఇంట బియ్యం కుండ వెనక పెట్టబడినవి.'"

"పెట్టబడినవి అంటే?" అంది మార్సియెమ్.

"అంటే... పెట్టారు అని."

"ఎవరు పెట్టారు? వాటికవే నడిచెళ్ళి కూర్చున్నాయా?"

హర్జితో వేలు ఆ మాట మీదే ఆగింది.

"ఆ సుదిబ్యో గారు వ్యాను దిగనే లేదు," అంది మార్సియెమ్. "నేను గుమ్మం పక్కనే కూర్చుని చుడుతున్నా. చుట్టింది చుట్టినట్టు ఒళ్ళో పడిపోయింది నాకు, ఎందుకో తెలుసా? ఒకాయన ఖాకీ సంచీ చంకలో పెట్టుకుని లోపలికెళ్తూ నా కాలు తొక్కాడు. తొక్కి, క్షమించమ్మా అన్నాడు. సర్కారోళ్ళు మాకు క్షమించమని చెప్పడం అదే మొదటిసారి. అందుకే మొహం మర్చిపోలేదు."

ఆవిడ వేలు ఎత్తి చూపించలేదు. అక్కర్లేకపోయింది.

కస్ముది మెల్లగా మార్సియెమ్ వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆయన మంచోడు మంచోడు అని తిరుగుతుంటివి. జైల్నుంచి అదొక్కటే తెచ్చుకున్నావు. దాన్ని కూడా లాగేసుకోనా?"

ఆ రోజు కస్ముది పెరట్లో ఉన్నాడు. ఇద్దరు ఉద్యోగులు ఆయన్ని పొగాకు బుట్టల దగ్గర నిలబెట్టి ప్రశ్నలడుగుతున్నారు. ముందు గదిలోకి ఎవరెళ్ళారో ఆయన చూడలేదు.

"వ్యానులో ఏడ్చారు కదా పాక్," అన్నాడు కస్ముది. గొంతు చాలా మెత్తగా ఉంది. "నా కోసం అనుకున్నాను. లోపల ఉన్నన్నాళ్ళూ అదే అనుకున్నాను. నా కోసం ఒక్కడైనా ఏడ్చాడు అని."

హర్జితో తల పళ్ళెం మీదికి వంగిపోయింది.

"సంచీలో ఏముందో మీకు తెలుసా నాన్నా, అప్పుడు?" అంది వెనింగ్.

తెలీదని చెప్పొచ్చు. చెప్తే కాదనేవాళ్ళు ఈ గదిలో ఎవరూ లేరు. కూతురు ఆ జవాబు కోసమే ఆశగా చూస్తోందని ఆయనకి అర్థమైంది.

"తెలుసు."

"ఎందుకు చేశారు?"

"పెద్ద కారణమేం లేదు వెనింగ్. లోపల పెట్టి రమ్మన్నాడు. పెట్టి వచ్చాను. వద్దు అనడానికి నోరు తెరిచేలోపే గుమ్మం వచ్చేసింది."

వెనింగ్ మొహం పక్కకి తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు మాత్రం గట్టిగా ఎగబీల్చింది చిన్నప్పట్లాగే.

హర్జితో ఇంకో కాగితం తీసుకున్నాడు. ఈసారి అక్షరాలు కుదరలేదు. వంకరటింకరగా, ఎవరు పెట్టారో, ఎక్కడ పెట్టారో, ఏం తెలిసి పెట్టారో రాసి కింద పూర్తి పేరు రాశాడు. మార్సియెమ్ మళ్ళీ చదివించుకుని సంతకం చేసింది. రెండో సాక్షి చోటు ఖాళీగా ఉంది.

"నేను పెడతాను," అంది వెనింగ్. "ఆయన నోటితో చెప్పగా విన్నాను."

కూతురు పెన్ను పెట్టి రాస్తుంటే హర్జితో చూడలేక ఆకుల కట్టల వైపు చూశాడు.

ఆయన కాగితం మడిచి రెండు చేతులతో కస్ముదికి అందించాడు. కస్ముది తీసుకోలేదు. చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. ఇందాకటి మర్యాద ఆ మొహంలో వెతికినా కనిపించలేదు.

"చేతిరాత బాలేదు," అన్నాడు. "పోస్టులో పంపితే మావాడు నమ్మడు. నేనే ఎవరితోనో రాయించాననుకుంటాడు."

"మళ్ళీ రాస్తాను. ఇంటికెళ్ళి నెమ్మదిగా..."

"వద్దు. మీరే తీసుకెళ్ళండి. వాడి ఎదురుగా నిలబడి, మీరే చదివి వినిపించండి. వాడు ఇంట్లో ఉండేది ఆదివారం పొద్దున మాత్రమే. మధ్యాహ్నానికల్లా మళ్ళీ పడవెక్కేస్తాడు. తెల్లవారుజామున సురబాయ బస్సెక్కితే పదింటికి అందుకోవచ్చు."

ఆదివారం. పది గంటలు. హాలు, కార్డులు, శాలువా పట్టుకుని సుదిబ్యో.

హర్జితో కూతురి వైపు చూశాడు. వెనింగ్ అప్పటికే గుమ్మంలోకి వెళ్ళి హెల్మెట్ పెట్టుకుంటోంది.

"వెళ్తాను," అన్నాడు హర్జితో.

కస్ముది మొదటిసారి ఆయన కళ్ళలోకి సూటిగా చూశాడు.

"వాడు తలుపు తీయడు పాక్. నాకే తీయలేదు. తీసేదాకా నిలబడతారా?"